వాసన లేని మత్తు

మే నెల రెండో వారం. మా చింతలపూడి చుట్టుపక్కల తోటల్లో కోతలు మొదలయ్యాయంటే ఇళ్లల్లో ఆడవాళ్లకి నడుం వాల్చే తీరిక ఉండదు. ఆ రోజు పెద్దరసం కాయ కొట్టించుకొచ్చి, నేనూ మా తోటికోడలూ వసారాలో కూర్చున్నాం. జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిబట్టతో తుడుస్తున్నాం. ఆవిణ్ని నేను అక్కా అనే పిలుస్తాను. పనిలో ఉన్నప్పుడు నోరు ఆగని మనిషి, ఆ రోజు మాట్లాడలేదు. కాసేపటికి అటూ ఇటూ చూసి, చెంగు ముడి విప్పి అరచేతిలో ఏదో పెట్టింది.

చిన్న కాగితం ముక్క. తపాలా బిళ్లలో సగం కూడా లేదు. మీద ఏదో రంగుల బొమ్మ.

"ఇదేంటో నీకేమైనా తెలుసా?" అంది. "వాడి జీన్సు ఉతకబోతూ జేబులు తడిమితే దొరికింది. స్టిక్కరేమో అనుకుని పారేయబోయా. అది చూసి వాడి మొహంలో నెత్తురు లేదు. వాసన చూశానే, ఏమీ రాలేదు."

వాడంటే అక్క కొడుకు. పందొమ్మిదేళ్లు. హైదరాబాదులో ఇంజనీరింగు. అక్క ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు, కాలేజీ అడక్కండి.

"వాసన చూశాను" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అక్క పుట్టింట్లో వాళ్ల నాన్న సారా తాగేవాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఈవిడ పళ్లెం దాచేయాలో, అన్నం పెట్టాలో తేల్చేసుకునేదట. ఎనిమిదేళ్లకే సారా వాసన పసిగట్టిన మనిషి, కన్నకొడుకు జేబులో ఉన్నదేమిటో కనుక్కోలేకపోయింది. కారణం ఆవిడ ముక్కు కాదు, ఆ సరుకు.

ఇక్కడ నా రాతలు చదివేవాళ్లకి తెలుసు, పెళ్లికి ముందు చదివిన బీఏ హిస్టరీ నన్ను ఊరికే ఉండనివ్వదు. ఏది పట్టుకున్నా వందేళ్లు వెనక్కి వెళ్లొస్తాను. ఈసారీ వెళ్లాను.

మత్తు మన ఇళ్లకి కొత్త కాదు. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ల చిన్నతనంలో పొలం పనికి వెళ్లే తల్లులు ఏడ్చే పిల్లకి ఆవగింజంత నల్లమందు నాకించి ఉయ్యాల్లో పడుకోబెట్టి వెళ్లేవాళ్లని. లోకువగా చెప్పేది కాదు, "ఏం చేస్తారమ్మా, కూలి పోతుంది" అనేది. ఒక్కోసారి ఆ పిల్ల లేచేది కాదని మాత్రం గొంతు తగ్గించి చెప్పేది. అదేం దొంగ సరుకు కాదు. 1878 ఓపియం చట్టం కింద లైసెన్సు ఉన్న దుకాణంలో దొరికేది. గసగసాల పంట, ఫ్యాక్టరీ, దుకాణం లైసెన్సు అన్నీ సర్కారు చేతిలోనే ఉండేవి, ఆదాయం ఖజానాకి వెళ్లేది. స్వతంత్రం వచ్చాక, పదేళ్లలో నల్లమందు తినడం మాన్పించాలని 1949లో నిర్ణయించారు. 1959కి ఆ అమ్మకాలు ఆగిపోయాయి. చాలామందికి ఇప్పుడు గుర్తే లేదు గానీ, అంత పాత అలవాటు మన దేశంలో ఒక తరంలో తగ్గింది. దుకాణం కళ్లెదుట ఉంది కాబట్టి మూయడం కుదిరింది.

సారా సంగతి మీకు నేను చెప్పాలా. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి సారాని ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది. అంతకుముందు తాగాలంటే దుకాణం దాకా నడవాలి. ప్యాకెట్టు వచ్చాక అదే పొలం గట్టు మీదికి వచ్చింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలై, రాత్రి బళ్లల్లో ఆడవాళ్లు పలకలు పట్టారు. వాళ్ల వాచకంలో తాగుడు మీద, ఆడవాళ్లు ఏకమవడం మీద ఒక పాఠం ఉంది. ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అలాగే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డం కూర్చున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. వారుణి వాహిని ఆయన ప్రభుత్వం తెచ్చిందే అన్నది కూడా చరిత్రే. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. రెండేళ్లు తిరిగాక, 1997లో ఎత్తేశారు. ఆ తర్వాతి కథ మీ మీ వీధుల్లో మీరే చూస్తున్నారు.

ఆ రోజుల్లో మా వీధి ఆడవాళ్లు కూడా చీపుళ్లు పట్టుకుని దుకాణం ముందు కూర్చున్నారు. మా అమ్మ వెళ్లింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే నాకు తోచింది ఒకటి. ఆ ఉద్యమానికి మూడు ఆధారాలు ఉన్నాయి. సారాకి వాసన ఉంది. దుకాణానికి తలుపు ఉంది. అన్నిటికంటే ముఖ్యం, మొగుడు తాగుతాడని చెప్పుకోవడానికి ఆడవాళ్లు సిగ్గుపడటం మానేశారు. రాత్రి బడిలో పక్కపక్కన కూర్చుని, "మా ఇంట్లోనూ అంతే" అనుకున్నారు. ఉద్యమం దుకాణం దగ్గరికంటే ముందు అక్కడే మొదలైంది.

మన పిల్లల దగ్గరికి వస్తున్న దానికి వాసనా లేదు, తలుపూ లేదు.

అక్క చేతిలోది ఎల్‌ఎస్‌డీ. అది మేం కనిపెట్టింది కాదు, సాయంత్రానికి వాడే చెప్పాడు. దాని పుట్టుక తవ్వుకుంటూ పోతే నాకు ఒళ్లు జలదరించింది. స్విట్జర్లాండులో బాసెల్ అనే ఊళ్లో, సాండోజ్ మందుల కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త 1938లో దాన్ని తయారు చేశాడు. రై అనే ధాన్యపు వెన్నుల మీద పట్టే ఎర్గాట్ బూజు నుంచి వచ్చే పదార్థాలతో ఆయన పని. ఇదే కుదురు నుంచి ఆయనే తయారు చేసిన ఇంకో మందు మెథర్జిన్. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే మనలో చాలామందికి ఇచ్చిన సూది మందు అదే. తల్లి ప్రాణం నిలబెట్టేదీ, కొడుకు బుర్ర తిప్పేదీ ఒకే గదిలో, ఒకే చేతి కింద పుట్టాయి. 1943 ఏప్రిల్‌లో పొరపాటున కొంచెం ఒంట్లోకి పోతే ఆయనకి తల తిరిగింది. మూడు రోజుల తర్వాత, 19వ తేదీన, కావాలని పావు మిల్లీగ్రాము తీసుకుని సైకిలు మీద ఇంటికి బయల్దేరి దారంతా నానా అవస్థా పడ్డాడు. ఇంట్లో సామాను తన మీదికి వస్తున్నట్టు, పక్కింటావిడ మంత్రగత్తెలా కనపడిందట. పావు మిల్లీగ్రాము అంటే ఎంతో చూడాలంటే ఉప్పు గల్లు తీసి చూసుకోండి. అందుకే అది కాగితం ముక్కలో ఇమిడిపోతుంది.

రెండోది ఎండీఎంఏ. పిల్లలు ఎక్స్‌టసీ అనో, మోలీ అనో అంటారు. బిళ్లగానో పొడిగానో వస్తుంది. ఇది ఇంకా పాతది. 1912లో జర్మనీ మెర్క్ కంపెనీలో ఆంటన్ కోలిష్ అనే ఆయన నెత్తురు ఆపే మందు కోసం వెతుకుతుంటే మధ్య మెట్టుగా తయారైంది. అదీ నెత్తురు ఆపే మందు దారిలోదే, చూశారా. అరవై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 1970ల చివర్లో అమెరికాలో అలెగ్జాండర్ షుల్గిన్ దాన్ని బయటికి తీశాడు, కొందరు మానసిక వైద్యులు వాడారు, అక్కణ్నుంచి డాన్సు క్లబ్బుల్లోకి వెళ్లింది. 1985లో అక్కడ నిషేధించారు. మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్, వచ్చిందీ 1985లోనే.

ఇంగ్లండులో ఒక ఇంటి సంగతి చెప్పకుండా ఉండలేను. ఎసెక్స్ అనే చోట, 1995 నవంబరులో, లియా బెట్స్ అనే అమ్మాయి తన పద్దెనిమిదో పుట్టినరోజు పార్టీ ఇంట్లోనే చేసుకుంది. తల్లిదండ్రులు ఇంట్లోనే ఉన్నారు. తండ్రి ఒకప్పుడు పోలీసు, సవతి తల్లి నర్సు. ఇంతకంటే కాపలా ఏముంటుంది చెప్పండి. ఆ పిల్ల ఒక్క ఎక్స్‌టసీ బిళ్ల వేసుకుంది. ఆ బిళ్లతో ఒళ్లు వేడెక్కుతుంది, నీళ్లు తాగాలి అన్న మాట పిల్లల్లో ఉంది. అది విని గంటన్నర లోపే ఏడు లీటర్ల దాకా నీళ్లు తాగింది. ఆ బిళ్ల ఒంట్లో నీరు బయటికి పోనివ్వదు. నెత్తుట్లో ఉప్పు పలచబడి మెదడు వాచింది. కోమాలోకి వెళ్లి, నవంబరు 16న పోయింది. ఆ తల్లిదండ్రులు సిగ్గుతో తలుపులేసుకోలేదు. ఆస్పత్రి మంచం మీది ఫొటో పత్రికలకి ఇచ్చి, తర్వాత ఏళ్ల తరబడి బళ్లకి వెళ్లి పిల్లలతో మాట్లాడారు. నాకు ఆ తండ్రి పోలీసన్న విషయం మనసులోంచి పోదు. మనం "పిల్లాడి మీద ఓ కన్నేసి ఉంచాను" అనుకుంటాం కదా.

ఇక మన హైదరాబాదు. 2017 జులై మొదటి వారంలో తెలంగాణ ఎక్సైజు శాఖ వాళ్లు కాల్విన్ మాస్కెరేనస్ అనే అతన్నీ, ఇంకొందరినీ పట్టుకున్నారు. వాళ్ల దగ్గర ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ దొరికాయి. ఈ సరుకు ఇంటర్నెట్టులో చీకటి దారుల్లో ఆర్డరిచ్చి, కొరియరు పార్సిల్లో తెప్పించుకునే పద్ధతి అప్పుడే మన పేపర్లలో మొదటిసారి విడమరిచి వచ్చింది. కొన్నవాళ్లలో బడి పిల్లలు, కాలేజీ పిల్లలు ఉన్నారని అధికారులు చెప్పారు. అప్పటి ఎక్సైజు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరు అకున్ సబర్వాల్ బళ్లకి, కాలేజీలకి జాగ్రత్త చెబుతూ ఉత్తరాలు రాశారు. నిజానికి ఆ వార్తలో ఉలిక్కిపడాల్సింది అక్కడ. కానీ జులై 19 నుంచి సినిమావాళ్లని వరసగా పిలిచి విచారించారు. ఇక టీవీల్లో పొద్దస్తమానం ఎవరి కారు వచ్చింది, ఎవరు ఏ చొక్కా వేసుకున్నారు, ఎన్ని గంటలు లోపల ఉన్నారు, అదే గోల. బడి పిల్లలు వార్తల్లోంచి జారిపోయారు. నేనూ ఆ గోలే చూశాను, దాచడం ఎందుకు. పప్పు మాడిపోతున్నా లేవకుండా చూశాను. "పెద్దింటి పిల్లల రోగం, మనకెందుకు" అని ఛానెల్ మార్చాను. అప్పటికి మా అక్క కొడుకు ఆరో తరగతో ఏడో తరగతో.

గంజాయి సంగతి వేరు. అది మన మన్యం కొండల్లోనే పండి పోతోంది. 2021లో ఆంధ్రా పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు ఒక్కచోట తగలబెట్టారు. దానికైతే వాసన ఉంది, కళ్లెర్రబడతాయి. పార్టీల్లో తిరిగే బిళ్లకీ కాగితానికీ అదేం ఉండదు. కంటిపాప పెద్దదై వెలుగులో కూడా చిన్నబడకపోవడం, పళ్లు కొరకడం, దవడ బిగబట్టడం, ఏసీలో కూడా చెమట, రాత్రంతా నిద్రలేకపోవడం, ఆ తర్వాత రెండు మూడు రోజులు దేని మీదా ఇష్టం లేకుండా కూలబడిపోవడం. డాక్టరు మాకు చెప్పినవి ఇవి. ఆయనే ఇంకో మాట కూడా అన్నారు. పరీక్షల ముందు ఏ పిల్లాడికైనా ఇందులో సగం కనపడతాయి, కాబట్టి పోలీసులా లెక్క కట్టకండి, అడగండి అని.

అడగడం దగ్గరే అంతా ఆగింది మా ఇంట్లో. అక్క పట్టిన పట్టు ఒకటే, బావగారికి తెలియకూడదు. శ్రావణంలో కూతురి పెళ్లి. అవతలివాళ్ల చెవిన పడితే? పోలీసులకి తెలిస్తే? నేను ఆ రాత్రి ఫోనులో చట్టం వెతికి కూర్చున్నాను. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షను ఉంది. మత్తుకి అలవాటు పడ్డవాళ్లు, వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గరున్నందుకో కేసు వచ్చినా, తమంతట తాము ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన చోటో చికిత్సకి వెళితే, ఆ చికిత్స పూర్తి చేస్తే, శిక్షకి లాగరు. పద్దెనిమిది నిండని పిల్లలకి మత్తు ఇచ్చినవాడికైతే బాలల న్యాయ చట్టం 77వ సెక్షను కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అంటే చట్టం దృష్టిలో కూడా చికిత్సకి వెళ్లిన పిల్లాడూ, అమ్మినవాడూ ఒకటి కాదు. ఇది అక్కకి చదివి వినిపిస్తే, "మరి పెళ్లివాళ్ల చట్టంలో ఏముందే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పొద్దున బావగారికి నేనే చెప్పాను. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆయన చెయ్యెత్తుతారని నేను మధ్యలో నిలబడ్డాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మామిడి వ్యాపారం చేసే మనిషి కదా, చివరికి అడిగింది ఒక్కటే.

"ఎంతకి కొన్నావురా?"

"కొనలేదు నాన్నా. ఊరికే ఇచ్చారు."

"ఊరికే ఎవడిస్తాడు?"

వాడు తలెత్తలేదు. రూమ్మేటు పుట్టినరోజుకి ఎవరిదో ఫ్లాటులో కలిశారట. మొదటిసారి అక్కడే నాలుక మీద పెట్టుకున్నాడు. రెండోది దాచుకుని తెచ్చుకున్నాడు. ఆ మొదటి రాత్రి ఎలా గడిచిందో వాడు చెప్పింది నేను రాయను. తెల్లారేదాకా బాత్‌రూములో కూర్చున్నాడు, ఎవరికీ ఫోను చేయలేదు. "ఎందుకు చేయలేదురా" అంటే, "ఎవరికి చేస్తే తిట్టరు పిన్నీ?" అన్నాడు. వాడు హాస్టల్లో చేరిన కొత్తలో, చదువు సరిగ్గా లేదని ఏడుస్తూ ఫోను చేస్తే, "ఏంట్రా ఆడపిల్లలా" అని పెట్టేసింది నేనే. అది వాడికి గుర్తుందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ కాగితం పొయ్యిలో వేశాం. ఏలూరులో మానసిక వైద్యుడి దగ్గరికి నలుగురం వెళ్లాం. బావగారు కూడా వచ్చారు, బయటి బెంచీ మీద చెప్పులు చూసుకుంటూ కూర్చున్నారు. డాక్టరు అలవాటు దాకా రాలేదన్నారు, నెలకోసారి రమ్మన్నారు. ఎవరికైనా ఇలాంటిది వేసుకుని ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, తెలివి తప్పినా, మజ్జిగా నిమ్మకాయా చింతపులుసూ పట్టించకుండా, బలవంతాన నీళ్లు తాగించకుండా, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయమన్నారు. ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పమన్నారు. పరువు కోసం "ఫుడ్ పాయిజన్" అని చెప్పే తల్లుల వల్లే వైద్యం ఆలస్యమవుతుందట.

నంబర్లు కూడా రాస్తున్నాను, ఆవకాయ కొలతల కాగితం పక్కన అంటించుకోండి. మత్తు మాన్పించే సలహాకి 14446. అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే ఆంధ్రాలో ఈగల్ వాళ్లది 1972, తెలంగాణలో 1908.

ఈ నెల మా మహిళా సంఘం మీటింగులో, పొదుపు లెక్కలయ్యాక, అక్క లేచి నిలబడింది. నేను ఊహించలేదు. "మా ఇంట్లో ఇలా జరిగింది" అని మొదలుపెట్టి, పెళ్లి మాట ఎత్తకుండా, మిగతాదంతా చెప్పేసింది. కాసేపు ఫ్యాను చప్పుడే వినపడింది. తర్వాత ఎప్పుడూ మాట్లాడని ఒకావిడ, ఇద్దరు కొడుకుల తల్లి, ఇంటికెళ్లేటప్పుడు అక్క పక్కన నడిచింది. ఏం మాట్లాడుకున్నారో అక్క నాకు చెప్పలేదు.

వాడు వచ్చే వారం హైదరాబాదు వెళ్తున్నాడు. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టాను. ఈ మధ్య ప్యాంట్లు ఉతుక్కి వేసే ముందు వాడే జేబులు బయటికి లాగి మరీ వేస్తున్నాడట. అమ్మ నమ్మాలని అలా చేస్తున్నాడో, జాగ్రత్త నేర్చాడో అక్కకి తెలియడం లేదు. నాకూ తెలియడం లేదు.